తక్కిన రెండు ముళ్ళు

"నేను ముడి వెయ్యను పెద్దత్తా. నన్నింగ అడగొద్దు."

పొద్దుటి నుంచి జ్ఞానాంబ ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి గట్టిగానే అంది. ఇప్పుడు గొంతు తగ్గించింది. పెరట్లో తడికెల గదిలో మునిరత్నం నీళ్ళు పోసుకుంటోంది. చెంబు చప్పుడు వంటింటిదాకా వినిపిస్తోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపే ఈ ఇంట్లో ఎవరైనా మనసులో మాట పైకి అనుకోవడానికి వీలు.

మునిరత్నం పెళ్ళికూతురు. జ్ఞానాంబ చెల్లెలి మొగుడికి స్వయానా చెల్లెలు. పెళ్ళి జాకెట్లు జ్ఞానాంబ చేతే కుట్టించుకోవాలని పలమనేరు నుంచి నిన్న బస్సు దిగింది. ఇంకో పది రోజుల్లో కాణిపాకంలో ముహూర్తం. పెళ్ళికొడుకు ధనంజయ, సుబ్బులమ్మ కొడుకు.

మేనత్త చంద్రకాంతమ్మ పీట మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. వేలితో నొక్కితే తోలు చేతిలో ఉండి పప్పు గిన్నెలో పడుతోంది. తమ్ముడి భార్య పోయిన నాటి నుంచి ఈ ఇంటిని ఆ చేతులే నడుపుతున్నాయి.

"ఎయ్యనంటే ఎట్లమ్మే? పదకొండు గంటలకంతా సుబ్బులమ్మ తట్టెత్తుకోని వస్తా ఉండాది. సీర గూడా తెస్తా ఉండాదంట. వాకిట్లోకి వచ్చినాక వద్దని నువ్వు సెప్తావా, నేను సెప్పాల్నా?"

"నువ్వే చెప్పు. నీకు అలవాటే గదా."

అనపగింజ ఒకటి చంద్రకాంతమ్మ వేళ్ళ మధ్య ఆగిపోయింది. కాసేపటికి పప్పు గిన్నెలో పడింది.

తాళి కట్టేటప్పుడు మొదటి ముడి పెళ్ళికొడుకు వేస్తాడు. తక్కిన రెండు ముళ్ళూ పెళ్ళికూతురి వెనక నిలబడి అతని అక్కో చెల్లెలో వేయాలి. చిత్తూరు వైపు చాలా ఇళ్ళలో ఇది పద్ధతి. ధనంజయకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. ముళ్ళు వేసేదెవరని తల్లి దిగులుపడుతుంటే అతనే అన్నాడట, "నన్ను నోరారా అన్నా అని పిలిచిన ఆడపిల్ల ఒకతే ఉండాది గదమ్మా. ఆయమ్మనే అడుగు" అని.

నిన్న సాయంత్రం పూలమ్మే సిద్ధమ్మ ఈ కబురు మోసుకొచ్చింది. ఎంత మర్యాద తెలిసిన పిల్లోడో అని మెచ్చుకుంటూ మరీ చెప్పింది. ఆ మర్యాద ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది.

"పంతానికి అన్నాడు పెద్దత్తా. నన్ను ఏడిపించేదానికి అన్నాడు."

"అననీ. ఆ పొద్దు నువ్వు అనలేదా? ఇప్పుడు వాడన్నాడు. సెల్లుకు సెల్లు. ఆ రెండు ముళ్ళేసి పక్కకు వచ్చేయి."

జ్ఞానాంబ పొయ్యి దగ్గర గోడకు ఆనుకుంది. పక్కకు వచ్చేయడం ఆమెకు కొత్త కాదు. ఈ ఇరవై ఏడేళ్ళ బతుకులో ఆమె చేసిందంతా అదే.

ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు పంతొమ్మిది. ఎదురింట్లో సుబ్బులమ్మ మురుకులు వత్తి అమ్మేది. ఐటీఐ చదువుతున్న కొడుకు పాత నోటుపుస్తకాల్లోని కాగితాలే పొట్లాలు. ఒకరోజు పొట్లం విప్పితే, లెక్కల మధ్య ఖాళీ జాగాలో పెన్సిలుతో ఒక వాక్యం ఉంది. 'ఉప్పు సరిపోయిందా?' జ్ఞానాంబ ఆ కాగితాన్నే మడిచి, కింద 'ఒక పలుకు తక్కువ' అని రాసి పంపింది. తర్వాత ఆరు నెలలు ఆ ఇంటి మురుకుల్లో ఉప్పు తక్కువో ఎక్కువో అవుతూనే వచ్చింది. మురుకులు మాత్రం ఎప్పుడూ బాగానే ఉండేవి.

ఐటీఐ చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అయినా తల్లిని వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వస్తున్నానని కబురు పెట్టాడు. జ్ఞానాంబ తండ్రి వరదయ్య మండిపడ్డాడు. చంద్రకాంతమ్మ మండిపడలేదు. మేనకోడలి తల నిమురుతూ ఒక ఉపాయం చెప్పింది. కాదనే పని లేదు, తగవు పెట్టుకునే పని లేదు. కాఫీ ఇచ్చేటప్పుడు ఒక్క మాటంటే చాలు.

జ్ఞానాంబ ఆ ఒక్క మాట అంది. "తీసుకో అన్నా."

ధనంజయ కాఫీ చివరిదాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, తల్లిని లేవమన్నాడు. ఆ వారంలోనే ఊరు విడిచాడు.

అతను అన్న అయ్యాక, అంతవరకు అత్త అయిన సుబ్బులమ్మ పిన్నమ్మ కావలసి వచ్చింది. వరస మారితే అన్నీ మారాలి గదా. మొదట్లో జ్ఞానాంబ నాలుక తడబడేది. తర్వాత తర్వాత వీధిలో ఎదురైతే, "బాగుండావా పిన్నమ్మా" అనడం అలవాటైంది. ఎనిమిదేళ్ళు గడిచాయి.

వరదయ్య వంటింటి గడపలోకి వచ్చాడు. అప్పుడే గడ్డం గీసుకున్నాడు. చేతిలో దువ్వెన ఉంది.

ఒకప్పుడు చిత్తూరులో వరదయ్య బెల్లం మండీ అంటే పేరు. మండీ పోయి పదేళ్ళయింది. పేరు మాత్రం ఆయనకింకా గుర్తుంది. తిరుపతిలో ఆయన తాత కట్టించిన చిన్న సత్రానికి ఒక చలవరాయి ఉంది. దాని మీద ఇంటిపేరు చెక్కి ఉంది. నెలకోసారి బస్సెక్కి పోయి ఆ రాయి చదువుకుని వస్తాడు. కొండకు మాత్రం పోడు, మోకాళ్ళు నొప్పులంటాడు.

"ఏమక్కా ఇంకా తయారు గాలేదా ఇది? ఆడబిడ్డ చీర మనింటికి వస్తా ఉండాదంటే ఎంత మర్యాద. ఆ పిల్లోడికి సూళ్లూరుపేట కాడ రాకెట్టు ఆఫీసులో పని. క్వార్టర్సు కూడా ఇచ్చినారంట."

"నాయనా, ఆ పొద్దు ఈ పిల్లోణ్ణే నువ్వేమన్నావు?" అంది జ్ఞానాంబ.

"ఏమన్నాను?"

"మురుకులమ్మే దాని కొడుకు నా గడప తొక్కేదా అన్నావు."

వరదయ్య దువ్వెన పళ్ళు చూసుకున్నాడు. నిజంగానే ఆలోచించాడు.

"నేనా? అట్ల యేల అంటాను? సుబ్బులమ్మ మురుకులు నాకు ఎంతో ఇష్టం గదా."

అది నటన కాదు. ఆయనకు గుర్తు లేదు. తన ఎనిమిదేళ్ళు ఎవరి మాట మీద పోయాయో, ఆ మనిషికే ఆ మాట గుర్తు లేదని తెలిసినప్పుడు జ్ఞానాంబకు కోపం రాలేదు. అక్కడే కింద కూర్చుంది.

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. ముగ్గురూ గమ్మునయ్యారు.

"అక్కా, తువ్వాల మరిచిపొయినాను" అని కేక వినిపించింది.

జ్ఞానాంబ తువ్వాలు తీసుకుపోయింది. తడికె సందులోంచి తడి చెయ్యి ఒకటి బయటికొచ్చి అందుకుంది. తువ్వాలుతో పాటు జ్ఞానాంబ వేళ్ళు కూడా పట్టుకుంది.

"అక్కా, నువ్వే ముళ్ళేస్తావంట గదా. సిద్ధమ్మ చెప్పింది. నాకు భయం తీరిపొయింది. తెలీనోళ్ళెవురో నా మెడ వెనకాల నిలబడతారనుకున్నా."

"చలిగాలి. తల తుడుచుకో" అని మాత్రం అనగలిగింది జ్ఞానాంబ.

ఈ పిల్ల చెడ్డదైనా బాగుండేది అనుకుంది వెనక్కి వస్తూ. కాస్త పొగరుదై, తనను చిన్నచూపు చూసేదైతే ఎంత సుఖంగా ఉండేది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లో చంద్రకాంతమ్మ ఒక్కతే ఉంది. పితకడం ఆపి చేతులు కడుక్కుంది.

"ఇట్ల రా. కూర్సో. నేను సెప్పేది విను. నువ్వు వద్దంటివనుకో, యేమిటికి వద్దనింది అని అడుగుతారు గదా. పాత సంగతంతా తవ్వుతారు. ఆ పిల్ల పెండ్లి నిలిచిపోతాది. నీ సెల్లెల్ని ఆ ఇంట్లో బతకనిస్తారా? నీ అక్క వల్లనే గదా మా పిల్ల పెండ్లి పొయింది అని కూడు తినే కాడ గూడా ఎత్తిపొడుస్తారు."

"తెలుసు."

"తెలిసీ మొండికేస్తే యెట్ల?"

"వేరే యాడైనా అయితే వేసుంటాను పెద్దత్తా. పెండ్లి కాణిపాకంలో. దొంగతనం చేసినోడు కూడా ఆ సామి ముందర నిలబడి చెయ్యలేదని చెప్పేదానికి వణుకుతాడు. నేను ఆయన ఎదురుగా ధనంజయకు చెల్లెలినని నిలబడాల్నా?"

"నిన్నెవురూ ప్రమాణం సెయ్యమన్లేదే."

"ఆ ముడే ప్రమాణం."

చంద్రకాంతమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"ఆ పొద్దు తప్పు సేసినానేమో," అంది చివరికి. "పని లేని పిల్లోడు, నాయన లేని ఇల్లు. పొద్దస్తమానం పొయ్యి ముందర కూర్సోని నువ్వు మురుకులు వత్తుకుంటా మాడిపోతావని భయపడినాను. నిన్ను సాకింది నేను. నీకు సెడు జరగాలనుకున్నానా?"

"అనుకోలేదు. అదే నా కష్టం. అనుకొని ఉంటే నిన్ను తిట్టుకుంటూనైనా బతికేదాన్ని."

ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఒకరినొకరు చూసుకోకుండా ఒకరు పొయ్యి వైపూ ఒకరు పెరటి వైపూ తిరిగారు.

మునిరత్నం తల తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. కుట్టుమిషను పక్కన పెళ్ళి జాకెట్టు సిద్ధంగా ఉంది. ఎర్ర పట్టుకు ఆకుపచ్చ అంచు. ఒక చెయ్యి కుట్టడం అయింది, రెండోది ఇంకా గుండుసూదులతోనే ఉంది. ఆ పిల్లను లోపలి గదిలోకి తీసుకుపోయి తొడిగి చూసింది జ్ఞానాంబ. మెడ వెనక కొంచెం వదులుగా ఉంది. బట్టను వేళ్ళతో పట్టి, కొలతకు ఒక సూది గుచ్చింది. తడి జుట్టు పక్కకు తీస్తే మెడ మీద సన్నటి నూగు కనిపించింది. ముడి పడేది సరిగ్గా అక్కడే.

"అక్కా, ఆయన ఎట్లాటి మనిషి? నీకు చిన్నప్పట్నించి తెలుసంట గదా."

"మంచోడు."

"అసలు మాట్లాడడంట. మా వదిన చెప్పింది. పెండ్లిచూపుల్లో కూడా నన్నొక్క మాట అడగలేదు. నాకు బెరుగ్గా ఉండాది."

జ్ఞానాంబ నోట్లో గుండుసూదులున్నాయి. అవి ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఒక్కొక్కటే తీసి గుచ్చి, ఆఖరి సూది అయిపోయాక జవాబు చెప్పక తప్పలేదు.

"మాట్లాడతాడు. తినేటప్పుడు ఉప్పు సరిపోయిందా అని నువ్వే అడుగు. అప్పుడు మాట్లాడతాడు."

మునిరత్నం నవ్వింది. ఆ మాటను బుద్ధిగా గుర్తు పెట్టుకుంటున్నట్టు తల ఊపింది. తన దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ కూడా ఇచ్చేశానని జ్ఞానాంబకు అప్పుడర్థమైంది.

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"రాప్పా రా. రా సుబ్బులమ్మా," అని వరదయ్య గొంతు. బెల్లం మండీ రోజుల నాటి గొంతు అది. "కుర్చీ యెయ్యి అక్కా."

సుబ్బులమ్మ చేతిలో ఇత్తడి తట్ట ఉంది. పసుపు, కుంకుమ, అరటిపండ్లు, వాటి మీద మడత పెట్టిన నీలం చీర. ఆమె వెనక ధనంజయ. మనిషి నల్లబడ్డాడు. చెవుల దగ్గర అప్పుడే రెండు మూడు తెల్ల వెంట్రుకలు. ఇంట్లో అప్పుడూ ఇప్పుడూ చేతుల కుర్చీ ఒకటే. అతను దానిలోనే కూర్చోవలసి వచ్చింది.

వరదయ్య రాకెట్ల గురించి అడిగాడు. అవి పైకి పోయి మళ్ళీ కిందికి వస్తాయా అని అడిగాడు. ధనంజయ రెండు ముక్కల్లో జవాబు చెప్పాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

చంద్రకాంతమ్మ కాఫీ కలిపి, తట్టలో పెట్టి, జ్ఞానాంబ చేతికిచ్చింది. ఇచ్చాక గానీ తనేం చేసిందో ఆమెకు తట్టలేదు. తీసుకుందామని చెయ్యి చాచింది. అప్పటికే జ్ఞానాంబ గడప దాటింది.

అదే గది. అదే కుర్చీ. ఆమె గ్లాసు చాచింది. ఏమీ అనలేదు.

ధనంజయ వెంటనే అందుకోలేదు. ఒక క్షణం ఆగాడు. ఆ మాట కోసం ఆగాడని ఆమెకు తెలిసింది. అతను గ్లాసు తీసుకున్నాడు. పైకి చూడలేదు.

"అమ్మా, అడిగేదేదో బిన్నా అడుగు. మళ్ళా బస్సు పోతాది."

సుబ్బులమ్మ తట్టతో లేచి నిలబడింది. ముసలితనం వచ్చేసింది ఆమెకు. పొయ్యి సెగకు ముఖమంతా కమిలిపోయి ఉంది.

"అమ్మా జ్ఞానా. నాకు కూతురు లేదు. ఉండుంటే నీ దగ్గరికి రాను. ఆ పొద్దు ఈ ఇంట్లో జరిగిందానికి నేను బాధపడలేదని సెప్పను. పడినాను. అయితే నువ్వు కాదు పొమ్మనకుండా, అన్నా అని ఒక వరస కలిపి పంపిస్తివి. ఆ వరస నేను పారెయ్యలేదు, దాసి పెట్టినాను. ఇప్పుడు దానికి పని పడింది. నా కొడుకు పెండ్లికి నువ్వు ఆడబిడ్డగా నిలబడాల."

ఇందులో పంతం లేదు. ఎత్తిపొడుపూ లేదు. కొడుకు పంతానికి అన్న మాటను ఆ తల్లి నిజమనుకుని మోసుకొచ్చింది. జ్ఞానాంబ ధనంజయ వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. కాఫీ తాగడం లేదు. అతనికీ ఇప్పుడు దీనిలోంచి బయటపడే దారి లేదని ఆమెకు తెలిసిపోయింది.

ఇంక ఏమీ మిగలలేదు. కాదంటే చెల్లెలి కాపురం, లోపల సూదులతో నిలబడిన ఆ పిల్ల బతుకు. ఔనంటే తానొక్కతే. లెక్క తేలికే. ఎనిమిదేళ్ళ కిందటా ఇంతే తేలికగా కనిపించింది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికైనా కాస్త ఆశ మిగలాలి.

రెండు చేతులా కొంగు చాచింది. సుబ్బులమ్మ చీర ఎత్తి అందులో పెట్టబోయింది.

"అట్లే కానీ అత్తా," అంది జ్ఞానాంబ.

చీర కొంగుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

తానేమందో జ్ఞానాంబకు ఇంకా తెలియలేదు. ఎదుటివాళ్ళ ముఖాలు చూశాక తెలిసింది. ఎనిమిదేళ్ళుగా నోటితో పిన్నమ్మా అంటూ వచ్చింది. లోపల ఒక్కరోజు కూడా వరస మార్చుకోలేదు.

"నన్ను అనిందిలే సుబ్బులమ్మా," అంది చంద్రకాంతమ్మ, క్షణం పోనీయకుండా. "ఏది సేసినా నన్నడిగే గదా సేస్తాది. నా వైపు తిరిగి అనింది. నువ్వు సీర పెట్టు."

వరదయ్య హాయిగా నవ్వేశాడు. "అవునవును, మేనత్త మాట దాటదు మా పిల్ల."

సుబ్బులమ్మ చీర కిందికి దించలేదు, పైకి తీయలేదు. "అవునా జ్ఞానా?" అని మెల్లగా అడిగింది.

తల ఊపితే చాలు. నోరు విప్పే పని కూడా లేదు. చంద్రకాంతమ్మ కళ్ళతో బతిమాలుతోంది. ధనంజయ చేతిలోని కాఫీ మీద మీగడ కట్టింది. ఇంట్లోకి వచ్చాక మొదటిసారి అతను తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. జ్ఞానాంబ తల ఊపాలనే అనుకుంది. మెడ కదలలేదు.

"అక్క నిన్ను అత్తా అనదు గదా పెద్దమ్మా."

అందరూ అటు తిరిగారు. లోపలి గది గడపలో మునిరత్నం నిలబడి ఉంది. పెళ్ళికొడుకు ఎదుటికి రాకూడదన్న సంగతి మరిచిపోయింది. ఒక చెయ్యి కుట్టిన జాకెట్టు, ఒక చేతికి సూదులు. పైన తువ్వాలు కప్పుకుంది.

"నిన్నట్నించి వింటా ఉండాను. నిన్ను ఎప్పుడు పిలిచినా పెద్దత్తా అనే పిలుస్తాది."

చంద్రకాంతమ్మ దగ్గర ఈసారి ఉపాయం లేదు.

మునిరత్నం గది మధ్యకు వచ్చింది. కోపంగా లేదు. గొంతు హెచ్చించలేదు. ధనంజయ వైపు ఒకసారి, నీలం చీర వైపు ఒకసారి చూసి జ్ఞానాంబ ముందు నిలబడింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఈయమ్మను నువ్వు అత్తా అంటే, నేనేమని పిలవాలక్కా?"